ఐదో బలం వార్తల్లోని మ్యూయాన్‌ని నల్లగొండ బడిలోనే చూడటం ఎలా?

2021 ఏప్రిల్‌లో అమెరికాలోని కణ భౌతిక ప్రయోగశాల ఫెర్మీల్యాబ్ ఫలితం రాగానే, ప్రకృతిలో తెలిసిన నాలుగు బలాలు కాక ఐదో బలం ఉందేమోనన్న మాట పేపర్లకెక్కింది. అక్కడ కొలిచింది మ్యూయాన్ అనే కణపు అయస్కాంత బలాన్ని, అది సిద్ధాంతం చెప్పిన అంచనాకు తేడాగా వచ్చింది. మ్యూయాన్ బరువు ఎలక్ట్రాన్‌కి 207 రెట్లు, ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. ఇలాంటి మ్యూయాన్లే ఆకాశం నుంచి వచ్చి నల్లగొండ బడి స్లాబులోంచి కూడా దిగుతుంటాయి, చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి. ఒక క్లౌడ్ ఛాంబర్ (ఆల్కహాల్ ఆవిరిలో కణాలు పోయిన దారి గీతలా కనపడే పెట్టె) కడితే వాటి జాడ కంటికే కనపడుతుంది.

కావలసినవి: 30×20 సెంటీమీటర్ల గాజు చేపల తొట్టి (ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్ పగుళ్లిస్తుంది), 2–3 మి.మీ. అల్యూమినియం రేకు, నల్ల ఇన్సులేషన్ టేపు, మందపాటి ఫెల్ట్ గుడ్డ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఎల్‌ఈడీ టార్చి, 5 కిలోల డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్).

డ్రై ఐస్ హైదరాబాద్ నుంచి తెచ్చుకోవాలి. థర్మాకోల్ పెట్టెకు మూత వదులుగా పెట్టండి. గాలి చొరకుండా బిగిస్తే పగులుతుంది. కారులో అద్దాలు దించాల్సిందే, కార్బన్ డయాక్సైడ్ నిండితే ఊపిరాడదు. అది మైనస్ 78 డిగ్రీల చలి, మందపాటి తోలు గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. ఎండాకాలంలో తొందరగా ఆవిరైపోతుంది కాబట్టి డిసెంబరు, జనవరి నెలలు మేలు.

తొట్టి అడుగున ఫెల్ట్‌ని లోపలా బయటా అయస్కాంతాలు పెట్టి నిలపండి. జిగురు వాడితే ఆల్కహాల్‌కి కరిగిపోతుంది. గుడ్డకు 30–40 మి.లీ. ఆల్కహాల్ పట్టించండి, కారకూడదు. రేకు మీద నల్ల టేపు అంటించి, తొట్టిని దానిమీద బోర్లించి, అంచుల చుట్టూ మైనపు బంకమట్టి అద్దండి. డ్రై ఐస్‌ని గుడ్డలో చుట్టి సుత్తితో నలగ్గొట్టి ట్రేలో 2–3 సెంటీమీటర్ల మందాన పరిచి, దానిమీద రేకును సమంగా కూర్చోబెట్టండి. గది చీకటి చేసి, టార్చి వెలుగు పక్క నుంచి, రేకుకు దగ్గరగా పడనివ్వండి. దరిదాపుల్లో మంట ఉండొద్దు.

మొదట సన్నటి తుంపర మాత్రమే పడుతుంది. పది పదిహేను నిమిషాలకు రేకుకు కాస్త పైన తెల్లటి గీతలు మొదలవుతాయి. రాకపోతే మూడు కారణాలు చూడండి: 70 శాతం ఆల్కహాల్ వాడారు, అంచుల్లోంచి గాలి పోతోంది, రేకు డ్రై ఐస్‌కు అన్నిచోట్లా ఆనలేదు.

సన్నగా, పొడుగ్గా, తిన్నగా సాగేవి చాలావరకు మ్యూయాన్లు. మెలికలు తిరిగేవి ఎలక్ట్రాన్లు. పొట్టిగా, లావుగా ఉండేవి ఆల్ఫా కణాలు, గాలిలోని రేడాన్ (నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువు) నుంచి వచ్చేవి. మనది గ్రానైట్ నేల, లంబాపూర్–పెద్దగట్టు దిక్కు యురేనియం నిక్షేపాలే ఉన్నాయి. మూసిన గదిలో ఈ లావు గీతలు ఎక్కువ పడితే ఆశ్చర్యం లేదు, వాటిని మ్యూయాన్ల లెక్కలో కలపకండి. నిటారుగా దిగే మ్యూయాన్లు పలచటి పొరలో చుక్కల్లాగే మిగులుతాయి కనుక మీ లెక్క పైన చెప్పిన సంఖ్య కంటే బాగా తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క. ఐదు నిమిషాల్లో 64 గీతలు వస్తే తడబాటు (లెక్క అటూ ఇటూ ఊగే మేర) దాని వర్గమూలం, 8. తర్వాతి ఐదు నిమిషాల్లో 76 వచ్చాయనుకోండి. తేడా 12, కానీ ఆ తేడాకున్న తడబాటు 64, 76 కలిపిన 140కి వర్గమూలం, దాదాపు 12. తేడా తడబాటుకు ఎన్ని రెట్లో అన్ని సిగ్మాలు. ఇక్కడ ఒక్క సిగ్మా, అందులో కొత్త సంగతేమీ లేదు. కణ భౌతికంలో కనుగొన్నామనడానికి ఐదు సిగ్మాలు కావాలి.

2021లో మ్యూయాన్ కొలతకూ సిద్ధాంత అంచనాకూ మధ్య వచ్చిన తేడా 4.2 సిగ్మాలు. 2025 జూన్‌లో ఫెర్మీల్యాబ్ తుది కొలత వంద కోట్లలో 127 భాగాల తడబాటుతో వచ్చింది, సంఖ్య పెద్దగా మారలేదు. అదే ఏడాది సూపర్ కంప్యూటర్లతో కొత్తగా వేసిన సిద్ధాంత అంచనా మాత్రం కొలత దగ్గరికి జరిగింది, తేడా తడబాటులో కలిసిపోయింది. కాబట్టి పిల్లల నోట్‌బుక్‌లో రెండు గడులు గీయించండి, ఒకటి కొలతలోని తడబాటుకు, ఇంకొకటి అంచనాలోని తడబాటుకు.