రోజువారీ ఇంగ్లిష్, 9వ పాఠం: ‘చేయించాను’లోని ‘ఇంచు’ ఎక్కడ జారిపోతోంది?

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. ‘చిన్నప్పుడు ట్యాంక్‌బండ్ మీద సైకిల్ తొక్కేవాణ్ణి’ అనే వాక్యానికి ‘ఐ యూస్డ్ టు రైడ్ మై సైకిల్ ఆన్ ట్యాంక్‌బండ్’ అని రావాలి. ‘యూస్డ్ టు రోడ్’ అని రాసినవాళ్లు ఒక్కసారి ఆ పాఠం మళ్లీ చూడండి. ‘యూస్డ్ టు’ని ఇలా వాడినప్పుడు దాని తర్వాత క్రియ మొదటి రూపంలోనే (‘రైడ్’ అనే) ఉంటుంది. మిగతావన్నీ తేలికే కాబట్టి కొత్త పాఠంలోకి వెళ్దాం.

కొన్నేళ్ల కిందట మాదాపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మా మేనేజర్ వేరే దేశంలో ఉండేవాడు. ఒకసారి పళ్లు క్లీన్ చేయించుకోవడానికి డెంటిస్ట్ దగ్గర పదకొండింటికి అపాయింట్‌మెంట్ దొరికింది. ఆఫీసుకి లేటవుతుందని ముందు రోజు రాత్రే ఆయనకి మెసేజ్ పెట్టాను: ‘ఐ విల్ కమ్ లేట్ టుమారో. ఐ యామ్ క్లీనింగ్ మై టీత్ ఎట్ లెవెన్.’ మంచి అలవాటేననీ, తామంతా కూడా రోజూ ఆ పని చేస్తామనీ, కాకపోతే ఇంకాస్త పొద్దున్నే కానిచ్చేస్తామనీ జవాబొచ్చింది. అందులో వెటకారం నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. నా మనసులో ఉన్న తెలుగు వాక్యం సరిగ్గానే ఉంది: ‘పళ్లు క్లీన్ చేయించుకుంటున్నాను.’ అందులో ‘చేయు’కి ‘ఇంచు’ తగిలించగానే పని చేసేది నేను కాదు, ఇంకెవరో అని తేలిపోయింది. ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పుడు ‘క్లీన్’ని తెచ్చుకున్నాను, ‘ఇంచు’ని తెలుగులోనే వదిలేశాను. దాంతో బ్రష్ నా చేతిలోకి వచ్చింది.

ఇంగ్లిష్‌లో క్రియకి తగిలించడానికి ‘ఇంచు’ లాంటి తోక లేదు. వాళ్లు ఆ పనిని మాటల వరసతో సాధిస్తారు. ముందు ‘గెట్’, తర్వాత వస్తువు, చివర పని తాలూకు మూడో రూపం (‘గో, వెంట్, గాన్’ వరసలో ‘గాన్’ లాంటిది). నేను రాయాల్సింది ‘ఐ యామ్ గెటింగ్ మై టీత్ క్లీన్డ్’ అని. ‘గెట్’ బదులు ‘హ్యావ్’ పెట్టినా అదే అర్థం: ‘ఐ యామ్ హ్యావింగ్ మై టీత్ క్లీన్డ్.’ మెయిల్‌లో ‘హ్యావ్’ కాస్త హుందాగా ఉంటుంది. మాటల్లో ‘గెట్’ ఎక్కువ వినిపిస్తుంది. పైగా తంటాలు పడి, వెంటపడి చేయించిన పనైతే ‘గెట్’ బాగా అతుకుతుంది. ‘వస్తున్నా సార్, దారిలోనే ఉన్నా’ అని ప్లంబర్ నాలుగు రోజులు తిప్పించుకుని ఐదో రోజు వచ్చాడనుకోండి, ‘ఐ ఫైనల్లీ గాట్ ద ట్యాప్ ఫిక్స్‌డ్’ అనండి. ఆ నాలుగు రోజుల విసుగూ అందులో వినిపిస్తుంది.

కాలం మారితే ఏం మారుతుంది? ‘గెట్’ ఒక్కటే. బండి సర్వీసింగ్ చేయించారు: ‘ఐ గాట్ మై బైక్ సర్వీస్డ్.’ రేపు చేయిస్తారు: ‘ఐ విల్ గెట్ మై బైక్ సర్వీస్డ్.’ చేయించాలి: ‘ఐ నీడ్ టు గెట్ మై బైక్ సర్వీస్డ్.’ చేయించనే లేదు: ‘ఐ డిడ్‌న్ట్ గెట్ మై బైక్ సర్వీస్డ్.’ చివర ఉన్న ‘సర్వీస్డ్’ నిన్నా రేపూ అదే. ‘రేపటి సంగతికి మూడో రూపం ఏంటి?’ అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆ మూడో రూపానికి కాలంతో పనిలేదు. బండి ‘సర్వీస్ అయిన’ స్థితికి వస్తుందని చెప్పడమే దాని పని.

అసలు చిక్కు కాలంతో కాదు, వరసతో. ‘ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్’ అనే మాట హైదరాబాద్‌లో రోజూ చెవిన పడుతుంది. ‘గాట్ రిపేర్డ్’ రెండూ కలిపి ‘రిపేర్ చేయించాను’ అనుకుంటాం కాబట్టి వాటిని విడదీయడానికి మనసొప్పదు. కానీ ఫోన్ ఆ రెంటి మధ్యలో ఉండాల్సిందే: ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్.’ అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కి వెళ్లి స్క్రీన్ మార్పించారు: ‘ఐ గాట్ ద స్క్రీన్ రిప్లేస్డ్ ఎట్ జగదీశ్ మార్కెట్.’

‘హ్యావ్’ వాడినప్పుడు ఈ వరస ఇంకా ముఖ్యం. ఈ రెండూ పైకి చదవండి: ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్.’ ‘ఐ హ్యాడ్ కట్ మై హెయిర్.’ ఉన్న మాటలు అవే, ఒకటి చోటు మారిందంతే. మొదటిదానిలో కత్తెర సెలూన్‌వాడి చేతిలో ఉంది. రెండోదానిలో అద్దం ముందు నిలబడి కత్తిరించుకుంది మీరే, అదీ ఇంకేదో జరగడానికి ముందే. ఈ గొడవంతా వద్దనుకుంటే ‘ఐ గాట్ ఎ హెయిర్‌కట్’ అనేయండి. నామవాచకం సిద్ధంగా ఉన్నచోట మూడో రూపం కోసం వెతుక్కోనక్కర్లేదు.

జుట్టు విషయంలో తెలుగుకీ కొంచెం ఇబ్బంది ఉంది. ‘కత్తిరించు’లో ‘ఇంచు’ ఉంది కానీ అది ఇంకొకరి చేత చేయించే ‘ఇంచు’ కాదు. అందుకే ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అంటే ఎవరు కత్తిరించారో తెలీదు. ‘కటింగ్ చేయించుకున్నా’ అంటేనే స్పష్టం. ప్రేమించు, గమనించు, వివరించు కూడా ఇలాంటివే. నామవాచకాన్ని క్రియగా మార్చడానికి వచ్చిన ‘ఇంచు’ అది. దీనికో చిన్న పరీక్ష ఉంది. ‘ఇంచు’ తీసేయండి. మిగిలిన మాటతో ఎవరికైనా పని పురమాయించగలిగితే మన పాఠం పనికొస్తుంది. ‘కుట్టు’, ‘కట్టు’, ‘మార్చు’ (‘మార్పించు’లో ‘చు’ కాస్తా ‘పు’ అయింది, అంతే) అని పురమాయించవచ్చు. ‘ప్రేమ’ అని పురమాయించలేం. కాబట్టి ‘ఆమెని ప్రేమించాను’కి ‘గాట్ హర్ లవ్డ్’ అనకండి, పెళ్లి చెడుతుంది.

మా ఇంట్లో ‘చేయించాను’ అనరు, ‘చేపిచ్చిన’ అంటారు. ‘కుట్టిపిచ్చిన’, ‘కట్టిపిచ్చిండు’ అంటారు. యాస ఏదైనా లెక్క ఒకటే. మీ నోట ఈ పరీక్ష నెగ్గిన ‘ఇంచు’ గానీ ‘పిచ్చు’ గానీ వచ్చిందంటే ఇంగ్లిష్‌లో ‘గెట్’ సిద్ధం చేసుకోండి.

ఇప్పుడు ఒక ఫంక్షన్ హాల్‌కి వెళ్దాం. ఎదురుగా ఉన్నావిడ జాకెట్ మీకు తెగ నచ్చింది. ఎక్కడ కుట్టించారో అడగాలి. ‘వేర్ డిడ్ యు స్టిచ్ దిస్?’ అంటే కుట్టు మిషన్ హాల్లో వేసుకున్నారా, బాల్కనీలోనా అని అడిగినట్టు. ‘వేర్ డిడ్ యు గెట్ దిస్ స్టిచ్డ్?’ అంటే టైలర్ అడ్రస్ దొరుకుతుంది. ‘ఐ డిడ్‌న్ట్ గెట్ ఇట్ స్టిచ్డ్, ఐ బాట్ ఇట్ రెడీమేడ్’ అని ఆవిడ అంటే మీ అదృష్టం అంతే. చీరకి ఫాల్ వేయించడం, పాపకి చెవులు కుట్టించడం కూడా ఇంతే. ‘వి పియర్స్డ్ అవర్ డాటర్స్ ఇయర్స్’ అని బయటి దేశంవాళ్లతో అంటే సూది పట్టుకున్నది మీరే అనుకునే ప్రమాదం ఉంది. ‘వి గాట్ అవర్ డాటర్స్ ఇయర్స్ పియర్స్డ్’ అంటే ఎవరూ ఉలిక్కిపడరు.

మరి ప్రతిచోటా ఇలాగే అనాలా? అక్కర్లేదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్ కట్టించాడని తెలుగులో రాస్తాం. ఇంగ్లిష్‌లో మాత్రం మామూలుగా ‘బిల్ట్ చార్మినార్’ అనే రాస్తారు. సుల్తాన్ స్వయంగా రాళ్లు మోశాడని ఎవరూ అనుకోరు కాబట్టి ‘హ్యాడ్ చార్మినార్ బిల్ట్’ అని విడమర్చే అవసరం రాలేదు. అదే లెక్కన మీరు నిజాంపేటలో ఇల్లు కట్టిస్తుంటే ‘వి ఆర్ బిల్డింగ్ ఎ హౌస్’ అన్నా తప్పు లేదు. మనమే చేసుకోగల పని అయినప్పుడే తేడా వస్తుంది. పళ్లు, జుట్టు, జాకెట్, గోడలకి రంగు, ఫొటో ఆ కోవలోవే. ‘ఐ టుక్ మై ఫొటో’ అంటే సెల్ఫీ. పాస్‌పోర్ట్ కోసం స్టూడియోలో తీయించుకున్నదైతే ‘ఐ గాట్ మై ఫొటో టేకెన్.’

ఇంకొక్క వాడుక చెప్పి ఆపుతాను, ఇది తెలుగు ‘ఇంచు’కి లొంగదు. బస్సులో ఎవరో మీ ఫోన్ కొట్టేశారు. ‘ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్ ఆన్ ద బస్’ అంటారు. మాటల వరస అదే, కానీ ఇక్కడ మీరు దొంగని పెట్టి చేయించిందేమీ లేదు. మీకు జరిగిన నష్టాన్ని చెప్పడానికి కూడా ఇంగ్లిష్ అదే అచ్చు వాడుకుంటుంది. మంచి పనైతే మీరు చేయించినట్టు, చెడ్డదైతే మీ నెత్తిన పడినట్టు వినేవాళ్లే సందర్భాన్ని బట్టి తెలుసుకుంటారు. మీరు మాట్లాడేటప్పుడు వాడకపోయినా ఫర్వాలేదు గానీ, ఎవరైనా అంటే మాత్రం ‘సొంత ఫోన్ దొంగతనం చేయించాడా!’ అని ఆశ్చర్యపోకండి.

ప్లంబర్ ‘చేత’ చేయించాను అన్నప్పుడు ఆ ప్లంబర్‌ని వాక్యంలో ఎక్కడ కూర్చోబెట్టాలన్నది 10వ పాఠం. అప్పటిదాకా ఈ ఐదూ నోట్‌బుక్‌లో రాయండి, ఒకదానికి ‘గెట్’ అక్కర్లేదు, అదేదో కనిపెట్టండి:

ఆధార్‌లో అడ్రస్ మార్పించుకోవాలి.
పండక్కి ముందే ఇంటికి రంగులు వేయిస్తాం.
నువ్వు కళ్లద్దాలు ఎక్కడ చేయించుకున్నావు?
డాక్టర్ రిపోర్ట్ అంతా వివరించాడు.
అమ్మ ఇంకా బీపీ చెక్ చేయించుకోలేదు.