రాసేటప్పుడు సంగీతం: నాకు కుదిరిన పద్ధతి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో రోడ్డు వైపు గదిలో కూర్చుని వ్యాసాలు రాసే నాకు, ఆటోల హారన్లకంటే అవి వినపడకుండా పెట్టుకున్న పాటలే ఎక్కువ అడ్డు తగిలేవి. వాక్యం సగంలో ఉండగా చరణం అందుకునేవాణ్ణి. త్యాగరాజ కీర్తనలు, సినిమా పాటల వాద్య రూపాలు, వాన చప్పుడు, ఇయర్‌ప్లగ్‌లు ఏవీ పనిచేయలేదు.

తెలిసిన కీర్తనను వయొలిన్ మీద విన్నా సాహిత్యం మనసులో పలుకుతూనే ఉంటుంది కాబట్టి, చివరికి కర్ణాటక సంగీత కచేరీలో ఒక రాగాన్ని మూడు భాగాలుగా విస్తరించే రాగం-తానం-పల్లవిలోని మొదటి రెండు భాగాలనే ఎంచుకున్నాను. మొదటి భాగమైన రాగాలాపనకు తాళం ఉండదు. తానంలో లయ ఉన్నా తాళావర్తనం, అంటే తిరిగి తిరిగి వచ్చే తాళం చుట్టు, ఉండదు. సాధారణంగా పల్లవిలోనే సాహిత్యమూ మృదంగమూ వచ్చి చేరతాయి. అందుకని ముందుగా ఒక వీణ కచేరీ రికార్డింగును ఫోన్‌లోకి దించుకుని, పల్లవి మొదలయ్యే చోట కత్తిరించాను. తరువాత ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను చప్పుడు మీద వీణ మీటు మాత్రం తెలిసేంతగా శబ్దం తగ్గించాను. ఆలాపన సాగినంతసేపు నిన్న రాసిన పేరాను చదువుకుని, తానం అందుకోగానే కొత్త వాక్యం మొదలుపెడతాను. అది ఆగితే లేచి మంచినీళ్లు తాగుతాను. రోజూ అదే రికార్డింగు ఉండాలి, రాగం మారితే చెవి అటే పోతుంది. (విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెడితే మాత్రం రాత మానేసి వింటాను.)

సంగీతం నేర్చుకున్నవారికి ఇది కుదరకపోవచ్చు, ఎందుకంటే వారి మనసు స్వరాల వెంట పోతుంది. ప్రూఫులు దిద్దేటప్పుడు నాకూ ఇది పనిచేయదు, అప్పుడు ఆపేస్తాను.