మన ఫోను, మన హక్కు – 3వ పాఠం: అమెరికా సరిహద్దు తనిఖీకి ముందు

అరెస్టయిన వ్యక్తి సెల్‌ఫోనును వారంటు లేకుండా పోలీసులు తెరిచి చూడరాదని అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చిందని గత పాఠంలో చదివాం. ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర ఆ తీర్పు మనకు అంత అండగా నిలవదు. సరిహద్దు తనిఖీకి వారంటు అక్కర్లేదన్న పాత మినహాయింపు ఫోన్లకు ఎంతవరకు వర్తిస్తుందో అక్కడి ఫెడరల్ కోర్టుల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

అమెరికా సరిహద్దుల్లో, విమానాశ్రయాల్లో ఈ తనిఖీలు చేసే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ సంస్థ 2018 జనవరిలో జారీ చేసిన ఆదేశం ప్రకారం, అధికారి ఫోనును చేత్తో తిప్పి చూడడానికి ఏ అనుమానమూ ఉండనక్కర లేదు. వేరే పరికరానికి తగిలించి సమాచారాన్ని నకలు తీయాలంటే మాత్రం సహేతుకమైన అనుమానమో, జాతీయ భద్రతకు సంబంధించిన ఆందోళనో ఉండాలి, పై అధికారి అనుమతీ కావాలి. మనకు అన్నిటికన్నా పనికొచ్చే నియమం ఇంకొకటి ఉంది: ఫోనులో ఉన్నదాన్నే చూడాలి తప్ప, నెట్ ద్వారా సర్వర్ నుంచి తెప్పించి చూడకూడదు.

అందుచేత ఈ వారం అభ్యాసం ఇది. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, ఒక్కొక్క యాప్‌నూ తెరవండి. వాట్సాప్ సంభాషణలన్నీ తెరుచుకుంటాయి. మెయిల్‌లో ఇటీవలి ఉత్తరాలు కనిపిస్తాయి. ఐఫోనులో తొలగించామనుకున్న ఫోటోలు 30 రోజుల వరకు వేరే ఆల్బమ్‌లో అలాగే ఉంటాయి. అధికారికి కనిపించేది సరిగ్గా ఇదే. వైద్య నివేదికలు, కక్షిదారుల కాగితాలు, ఇతరులు మనల్ని నమ్మి పంపిన సంగతులు ఇందులో ఉంటే, ప్రయాణానికి ముందే బ్యాకప్ చేసి ఫోనులోంచి తీసివేయండి. దర్యాప్తులో ఉన్న విషయానికి సంబంధించిన వాటిని మాత్రం ముట్టుకోవద్దు, అది నేరం కావచ్చు.

విమానం దిగేముందు ఫోనును పూర్తిగా ఆపివేయండి. మళ్లీ ఆన్ చేశాక మొదటిసారి పాస్‌కోడ్ కొట్టేదాకా వేలిముద్రా ముఖమూ పనిచేయవు, సమాచారంలో అధిక భాగం ఎన్‌క్రిప్షన్ తాళంలోనే ఉంటుంది.

పాస్‌కోడ్ చెప్పనన్నంత మాత్రాన అమెరికా పౌరులకు ప్రవేశం నిరాకరించరు, అయితే ఫోనును ఉంచేసుకోవచ్చు. వీసా మీద వెళ్లేవారిని వెనక్కి పంపే అవకాశం ఉంది కనుక, ఈ నిర్ణయం ఇంట్లో ఉండగానే, వీలైతే న్యాయవాదిని సంప్రదించి తీసుకోవాలి. ఏ దారి ఎంచుకున్నా అధికారికి అబద్ధం చెప్పవద్దు. ఫోనును ఉంచేసుకుంటే రసీదు అడిగి తీసుకోండి. సాధారణంగా 5 రోజులకు మించి ఉంచుకోరాదని ఆ ఆదేశంలోనే ఉంది.