ఒడ్డుకు రాయి పేర్చే ముందు: నీటి అంచున సొంత భూమి ఉన్నవారికి జాగ్రత్తలు

కృష్ణకు వరద సాధారణంగా జులై, అక్టోబరు నెలల మధ్య వస్తుంది. ఒడ్డున పొలమో, తోటో, ఇంటి స్థలమో ఉన్నవారికి గట్టు సంగతి గుర్తుకు వచ్చేది మాత్రం దానిలో ఒక మట్టి చెక్క విరిగి నీటిలో పడిన తరువాతే. అప్పుడు హడావిడిగా లారీలతో రాయి తెప్పించి దింపుతారు. ఆ రోజుల్లో జల వనరుల శాఖ ఇంజనీర్లు గట్ల మీద కాపలాలో ఉంటారు, కొలత వేద్దామన్నా హద్దు రాళ్ళు నీటి అడుగున ఉంటాయి, అనుమతి అడిగే వీలూ ఇచ్చే వీలూ ఉండదు. అందుచేత కోతను ఆపే పనికి కాగితాలు కదపవలసిన కాలం కార్తీకం వెళ్ళి నీరు తగ్గాక మొదలవుతుంది. మే నెలాఖరుకు పని కూడా ముగిసి, మట్టి కుదురుకోవడానికి కొంత వ్యవధి మిగలాలి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిన సంగతీ, అదే వానల్లో బుడమేరు వాగు నీటిని మళ్ళించే డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ మునిగిన సంగతీ ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. బ్యారేజీ వద్ద రెండవ ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 5.69 లక్షల క్యూసెక్కులకు. ఆనాడు వచ్చినది దానికి రెట్టింపు. అంతటి వరదను ఒక సొంతదారు కట్టే గోడ ఆపలేదు, ఆపాలని చూడకూడదు కూడా. మన చేతిలో ఉన్నది ఏటా జరిగే చిన్న కోతను తగ్గించడం. దరఖాస్తులో కూడా ఆ మేరకే రాయడం మంచిది, ఎందుకంటే వరదను మళ్ళిస్తామనే అర్థం వచ్చే ప్రతిపాదనను ఏ ఇంజనీరూ ఒప్పుకోడు.

మొదట తేల్చుకోవలసినది, మన భూమిని ఆనుకొని ఉన్న నీరు ఏ కోవకు చెందినదన్నది. అడగవలసిన కార్యాలయం దానిని బట్టే మారుతుంది. బ్యారేజీకి ఎగువన కృష్ణ చాలా కాలం పెద్ద చెరువులాగే నిలబడి ఉంటుంది, 57.05 అడుగుల పూర్తి మట్టం వద్ద అక్కడ నిల్వ 3.07 టీఎంసీలు. నిలబడిన నీరు కనుక గాలికి లేచే అలలు ఒకే మట్టంలో గట్టును తింటూ ఉంటాయి. ఉండవల్లి, పెనుమాక, వెంకటపాలెం వైపు కరకట్టకూ నదికీ మధ్య భూములున్నవారు తమది పట్టా భూమే కదా అని నిశ్చింతగా ఉండరాదు. 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం అక్కడ వర్తిస్తుంది. ఆ నేలలో గోడ గాని మట్టి కట్ట గాని లేపాలంటే రివర్ కన్జర్వేటర్ హోదాలో ఉన్న జల వనరుల శాఖ ఇంజనీరు అనుమతి కావాలి. పట్టా అనేది భూమి ఎవరిదో చెబుతుంది గాని, వరద దారిలో ఏమి కట్టుకోవచ్చో చెప్పదు.

ఊరి చెరువు పక్కన భూమి ఉన్నవారికి లెక్క వేరు. చెరువు గర్భంలోనూ, పూర్తి నిల్వ మట్టం, అంటే అందరూ ఎఫ్‌టీఎల్ అనే గీత లోపలా నిర్మాణం చేయరాదు. భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. కాలువ పక్కవారు ఏ పని చేయాలన్నా వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లోనే చేసుకోవాలి, అదీ కాలువ గట్టు శాఖ ఆస్తి అన్న స్పృహతో. ఇక కైకలూరు వైపు భూములున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడి కొల్లేరు సరస్సు 1999లో అభయారణ్యంగా ప్రకటితమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఐదవ కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున ఉన్న గీత లోపల గట్టు పెంచడం, మట్టి పోయడం వంటివి రెవెన్యూ కార్యాలయంలో తేలేవి కావు. అటవీ శాఖ వన్యప్రాణి విభాగాన్ని అడగకుండా పార కూడా దింపవద్దు.

రెండవది హద్దు. చిక్కులన్నీ ఇక్కడే పుడతాయి కనుక దీనికి ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. నది, వాగు, చెరువు గర్భాలు ప్రభుత్వానివని 1905 నాటి భూ ఆక్రమణ చట్టం చెబుతుంది. మన సర్వే నంబరులో కొంత భాగం ఏళ్ళ తరబడి కోతకు గురై ఏటిపాలై ఉంటే, అడంగల్‌లో విస్తీర్ణం పాతదే కనబడుతుంది, నేల మీద అది ఉండదు. ఉన్న ఒడ్డును నిలబెట్టుకోవడం కోత రక్షణ. పోయిన నేలను మట్టితో పూడ్చి వెనక్కు తెచ్చుకోవడం పూడిక. అధికారులు దానిని ఆక్రమణగానే చూస్తారు. ఈ తేడాను సొంతదారులు ఒప్పుకోవడం కష్టమని నాకు తెలుసు. తాతల నాటి భూమి కళ్ళ ముందే కరిగిపోవడం చిన్న బాధ కాదు. అయినా గోడ గీతను ఈనాటి ఒడ్డు వెనకే వేసుకోవాలి. గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టి సర్వేయరు చేత ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) ప్రకారం కొలిపించుకొని, పక్క సర్వే నంబర్లవారిని ఆ రోజు తప్పక పిలవాలి. కొలత పత్రం మీద వారి సంతకాలు ఉంటే తరువాత వచ్చే ఫిర్యాదులు సగం తగ్గిపోతాయి.

జల వనరుల శాఖకు ఇచ్చే దరఖాస్తుతో పట్టాదారు పాసు పుస్తకం, 1బి (భూమి హక్కుల నకలు), కొలత పత్రం, తేదీ వేసిన ఫొటోలు, అన్నిటికంటే ముఖ్యంగా అడ్డుకోత (క్రాస్ సెక్షన్) పటం ఉండాలి. ఆ పటంలో ఎఫ్‌టీఎల్ లేదా గరిష్ఠ వరద మట్టం ఒక గీతగా, ప్రస్తుత నేల వాలు మరొక గీతగా, పెట్టబోయే రాతి కట్టు మూడవ గీతగా, కొలతలతో సహా కనబడాలి. పునాది ఎంత లోతుకు దిగుతుందో, రెండు చివరలనూ ఎలా ముగిస్తారో రాయాలి. ఈ వివరాలు లేని కాగితం అసిస్టెంట్ ఇంజనీరు బల్ల మీదే ఆగిపోతుంది. స్థలం సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే ప్రణాళికా విభాగం అనుమతి కూడా అవసరమేమో ముందే అడగాలి. చెట్లు కొట్టవలసి వస్తే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, బయటి నుంచి గ్రావెల్ తెస్తే గనుల శాఖ పర్మిటు ఉన్న చోటి నుంచే తెచ్చినట్టు రసీదు ఉండాలి. నోటిమాట మీద ఎవరో చెప్పిన ‘కానివ్వండి, చూసుకుందాం’ అన్న హామీతో పని మొదలుపెట్టవద్దు.

అనుమతికీ పని తీరుకూ సంబంధం ఉంది కనుక గట్టు ఎలా కూలుతుందో తెలుసుకోవడం అవసరం. ఎండాకాలంలో ఒడ్డు అంచుకు మూరెడు లోపల, అంచు వెంబడే ఒక సన్నని పగులు కనబడుతుంది. నల్లరేగడిలో అది వేలు దూరేంత వెడల్పవుతుంది. తొలకరి నీరు అందులో దిగి మట్టిని బరువెక్కిస్తుంది. వరద నిలిచి ఉన్నంతసేపు బయటి నీరే ఆ మట్టిని ఆనుకొని నిలబెడుతుంది. వరద ఒక్కసారిగా దిగినప్పుడు బయటి ఆసరా పోతుంది, లోపలి నీరు మాత్రం అక్కడే ఉంటుంది, దానితో చెక్క మొత్తం జారిపోతుంది. నిలువుగా కట్టిన సిమెంటు గోడలు ఇలాగే ముందుకు ఒరిగి పడతాయి, ముఖ్యంగా వెనక నీరు బయటకు పోవడానికి గొట్టాలు పెట్టనప్పుడు. రెండడుగులకు ఒక అడుగు ఎత్తు చొప్పున వాలు చెక్కి, కంకర పొర గాని జియో టెక్స్‌టైల్ గుడ్డ గాని పరిచి, దాని మీద రాయి పేర్చి, పాదాన్ని లోతుగా దింపితే నీరు బయటకు వస్తుంది, మట్టి లోపలే ఉంటుంది. కోత తక్కువగా ఉన్న చోట సరివి బాదులు పాతి పైవాలులో వట్టివేరు నాటడం నాకు మరింత నచ్చిన పద్ధతి. దాని వేళ్ళు రెండు మూడు మీటర్ల లోతుకు దిగుతాయి, ఖర్చూ తక్కువ, అనుమతి ఇచ్చేవారికీ అభ్యంతరాలు తక్కువగా ఉంటాయి.

గట్టి గోడ ఎక్కడ ఆగిపోతే అక్కడ సుడి తిరిగి పక్కవారి ఒడ్డు తింటుంది. ఇది న్యాయస్థానం దాకా వెళ్ళే తగాదా. అందుచేత చివరలను ఒడ్డులోకి వంచి ముగించాలి. వీలైతే పక్కపక్క సొంతదారులు కలిసి ఒకే పటంతో దరఖాస్తు చేసుకోవాలి.

కూల్చిన ఇళ్ళ ఇటుక ముక్కలు, కాంక్రీటు దిమ్మెలు ఉచితంగా దొరుకుతాయని ఒడ్డున పోయించుకోవడం విజయవాడ చుట్టుపక్కల తరచు కనబడుతుంది. నీటి వనరులో శిథిలాలు పోయడం నేరం. పైగా అవి ఒక్క వరదకే దొర్లి, వాగుకు అడ్డుపడి, మరొకరి ఇంట్లోకి నీటిని నెడతాయి. కరకట్ట పాదం దగ్గర మట్టి తవ్వి గట్టుకు వాడుకోవడం దీనికంటే ప్రమాదం. ఆ గొయ్యి గుండా కట్ట కింద నీరు ఊరడం మొదలైతే గండి పడేది ఊరంతటికీ. ఇసుక తవ్విన గుంతలు ఉన్న చోట కూలీలను నీటిలోకి దింపరాదు, వానపడిన గట్టు అంచుకు పొక్లెయిన్‌ను తేరాదు.

అనుమతి రాకముందే వర్షాలు మొదలైతే ఆ ఏడాదికి శాశ్వత పని ఆపి, ఇసుక బస్తాలతో సరిపెట్టుకోవాలి. బస్తాలు వేసే ముందు సచివాలయానికీ, సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరుకూ రాతపూర్వకంగా తెలిపి, నీరు తగ్గగానే వాటిని తీసివేయాలి. మొదటి హెచ్చరిక, అంటే 3.97 లక్షల క్యూసెక్కులు ప్రకటించిన తరువాత బస్తాలు వేయడానికి కూడా ఒడ్డుకు వెళ్ళవద్దు.

అనుమతితో పని పూర్తయినవారు ఇంజనీరు తనిఖీ చేసిన నోటు నకలు తీసుకోవాలి. మొదటి వరద దిగాక పాదం దగ్గర రాళ్ళు జారాయేమో, నీటి గొట్టాలు పూడుకుపోయాయేమో, రెండు చివరల వెనక గుంత పడిందేమో పక్క పొలంవారి సమక్షంలో చూసి, ఆ ఫొటోలను అదే ఫైలులో చేర్చాలి. మరుసటి ఏడు మరమ్మతుకు అనుమతి అడిగేటప్పుడు ఇంజనీరు మొదట చూసేది ఆ ఫొటోలనే.