క్రేన్లు చూసి ఫ్లాట్ కొనకండి

హైదరాబాద్‌కి పడమటన కోకాపేట, తెల్లాపూర్, కొల్లూరు వైపు ఫ్లాట్ కొందామని వచ్చే మా చుట్టాలందరూ అడిగేది ఒకటే: "అక్కా, ఇన్ని క్రేన్లు లేచాయి కదా, రేట్లు పెరుగుతూనే ఉంటాయా?" నేను బిల్డింగ్ సైట్లలో బిల్లింగ్ ఇంజనీరుని. క్రేన్ లేచిందంటే బిల్డర్ చేతిలో డబ్బు ఆడుతోందని అర్థం, అంతే. రేపు ఆ ఇళ్లల్లో జనం కాపురం ఉంటారా లేదా అన్నది కొనేవాళ్లే తేల్చుకోవాలి. ఎలాగో చెబుతాను.

ముందు ఖాళీ జాగా చూడండి. హైదరాబాద్‌లో 2006లో ఎఫ్‌ఎస్‌ఐ (ఉన్న జాగాని బట్టి మొత్తం ఎంత కట్టొచ్చన్న లెక్క) పరిమితి ఎత్తేశారు. అప్పటినుంచి ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే స్థలాన్ని బట్టే బిల్డింగ్ ఎత్తు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ భూముల వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అంత పెట్టి కొన్నవాళ్లు అంతస్తు మీద అంతస్తు వేయక ఏం చేస్తారు? మీరు కొన్న టవర్ పక్కన నాలుగెకరాలు ఖాళీగా ఉంటే, రేపు మీరు అమ్మబోయే రోజుకి అక్కడ కొత్త ఫ్లాట్లు వందల్లో అమ్మకానికి ఉండొచ్చు. కొనేవాడు కొత్తదాని వైపే చూస్తాడు.

తర్వాత, సేల్స్ ఆఫీసుకి వెళ్లకుండా, అదే ఏరియాలో కట్టడం పూర్తయి రెండేళ్లు దాటిన టవర్ దగ్గరకి మామూలు రోజు రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లండి. కింద నిలబడి లైట్లు వెలుగుతున్న ఫ్లాట్లు చూడండి. బాల్కనీల్లో ఆరేసిన బట్టలున్నాయా, తులసి కుండీలున్నాయా? సగానికి సగం చీకటిగా ఉంటే కొన్నవాళ్లు పెట్టుబడికి కొని తాళం వేసుకున్నట్టు. మర్నాడు పొద్దున ఆరింటికి గేటు దగ్గర పాల ట్రేలు దించే అబ్బాయిని, "ఈ టవర్లో ఎన్ని ఇళ్లకి వేస్తున్నావు నాన్నా?" అని అడగండి. అతను చెప్పే లెక్కంత నికార్సయిన లెక్క ఏ బ్రోషర్లోనూ దొరకదు.

వాచ్‌మన్‌తో అద్దెలు మాట్లాడండి. ఈ పడమటి వైపు అద్దెకి దిగేవాళ్లలో ఎక్కువమంది గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగులే. కంపెనీలు మనుషుల్ని తీసుకోవడం తగ్గిస్తే ఆ సంగతి రేట్లకన్నా ముందు టూలెట్ బోర్డుల్లో కనిపిస్తుంది. వచ్చే అద్దె మీ ఈఎంఐలో మూడో వంతైనా లేకపోతే మీరు కేవలం రేటు పెరుగుదల మీద పందెం కాస్తున్నారన్నమాట. మెట్రో వస్తుందన్న మాటని లెక్కలో వేసుకోకండి. ఉన్న మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగుతుంది. పొద్దున తొమ్మిదికి మీరే బండి మీద ఆఫీసు దాకా వెళ్లి చూడండి.

నీళ్ల విషయం మే నెలలో అడగండి. మెయింటెనెన్స్ బిల్లు చూపించమంటే అందులో ట్యాంకర్ల ఖర్చు విడిగా కనిపిస్తుంది. బోర్లు ఎండిపోయే చోట ఆ ఒక్క లైను ప్రతి వేసవీ పెరుగుతూ పోతుంది.

ఇక సైట్ దగ్గర. స్లాబ్ మీద తడి గోనెలు, సెంట్రింగ్ చెక్కల చప్పుడు ఉంటే పని నడుస్తోంది. ఆగిపోయిన సైట్‌ని పట్టించేవి పిల్లర్ల నుంచి పైకి పొడుచుకొచ్చిన రాడ్లు. పైపైన ఎర్రబడితే కంగారు లేదు. వేలితో గీరితే పొరలు పొరలుగా రాలిపోతుంటే మాత్రం నెలల తరబడి ఎవరూ చెయ్యి వేయలేదని అర్థం. ఆ తర్వాత తెలంగాణ రెరా (బిల్డర్ల ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరవండి. మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో బిల్డర్ అక్కడ చెప్పాలి. మీ కళ్లతో చూసిన స్లాబులకీ ఆ పేజీలో రాసినదానికీ పొంతన లేకపోతే వెనక్కి తిరిగి వచ్చేయండి. రెరా రిజిస్ట్రేషన్ నంబరే లేకుండా "ప్రీ లాంచ్, సగం రేటు" అనేవాళ్ల దగ్గర కూర్చోనే వద్దు.

చెరువు దగ్గరుంటే హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మ్యాపులో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, చూసుకోండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) మీకు తెలిసిన వకీలుకి చూపించండి, బిల్డర్ పంపిన వకీలుకి కాదు.

డబ్బు కట్టేటప్పుడు సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు ధరలో పది శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదని రెరా చట్టం చెబుతుంది. "ముందే పాతిక శాతం కడితే డిస్కౌంట్" అంటే ఆ చట్టం మాట అక్కడే చెప్పండి. కట్టుబడిలో ఉన్న మామూలు ఫ్లాట్‌కి 5 శాతం జీఎస్టీ ఉంటుంది. ఓసీ (కాపురానికి సిద్ధమని అధికారులిచ్చే సర్టిఫికెట్) వచ్చాక కొంటే ఉండదు. అందుకే రేట్లు పోల్చేటప్పుడు రెండింటికీ చివరికి మీకయ్యే మొత్తం ఖర్చు కాగితం మీద రాసుకుని, అప్పుడు బేరానికి కూర్చోండి.