పాత కారు ఇంజిన్‌లో వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ లీక్‌ను ఎలా అరికట్టాలి?

ఇంజిన్ పైభాగంలో ఆయిల్ తడి కనిపించగానే చాలామంది స్పానర్ తీసి వాల్వ్ కవర్ (ఇంజిన్ పైన వాల్వులను కప్పి ఉంచే మూత) బోల్టులను మరో చుట్టు బిగిస్తారు. కొన్నాళ్లు లీక్ తగ్గినట్టే ఉంటుంది. ఆ తర్వాత మునుపటికన్నా ఎక్కువవుతుంది. అతిగా బిగిస్తే కవర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఆయిల్‌ను ఆపే కార్క్ పట్టీ, అంటే గాస్కెట్, నలిగి చిట్లుతుంది. రేకు కవర్ అయితే బోల్టు రంధ్రాల దగ్గర అంచు కిందికి నొక్కుకుపోతుంది, బోల్టుకూ బోల్టుకూ మధ్య సందు ఏర్పడుతుంది. ఆయిల్‌కు మనమే దారి చూపించినట్టవుతుంది. ఈ మరమ్మతులో బిగింపు చివరి పని, అన్నిటికన్నా చిన్న పని. లీక్ ఎందుకు మొదలైందో తెలుసుకోవడం, అంచులను శుభ్రంగా, చదునుగా తయారు చేయడం ముఖ్యం.

లీక్ ఎక్కడిదో తేల్చుకోండి

ఆయిల్ కిందికి జారుతుంది, కారు నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క పడుతున్న చోటును నమ్మవద్దు. ఇంజిన్ చల్లారాక పైభాగాన్ని డీగ్రీజర్‌తో కడిగి, తుడిచి ఆరనివ్వండి. కవర్ అంచు పొడవునా కాస్త టాల్కం పౌడర్ చల్లి, ఇంజిన్ వేడెక్కేదాకా నడపండి. పౌడర్‌లో తడి గీత ఎక్కడ అన్నిటికన్నా పైన మొదలైందో అదే మూలం. ఆయిల్ పోసే మూత రబ్బరు ఎండిపోయినా, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) కింది రింగు పాడైనా, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ సీలు అరిగినా కవర్ లీక్ లాగే కనిపిస్తుంది. గాస్కెట్ కొనే ముందే వీటిని చూడండి.

కాలిన ఆయిల్ వాసన గానీ, బానెట్ కింద పొగ గానీ ఉంటే పని వాయిదా వేయవద్దు. వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాల భాగం) మీద ఆయిల్ పడితే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. స్పార్క్ ప్లగ్గులు కవర్ మధ్యలోని గొట్టాల్లో ఉండే ఇంజిన్ అయితే ఒక ప్లగ్గు వైరు తీసి చూడండి. అడుగున ఆయిల్ నిలిచి ఉంటే ఆ గొట్టాల సీళ్లు కూడా మార్చాలి. ఇంజిన్ కుదుపుతో నడవడానికి కూడా ఇదే కారణం కావచ్చు.

లోపలి పీడనాన్ని పరీక్షించండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. నా లెక్కలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు ఎప్పుడూ క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజిన్ కింది గదిలోకి, దిగుతూ ఉంటుంది. 1960ల నుంచి క్రమంగా కార్లలోకి వచ్చిన పీసీవీ వాల్వ్ అనే చిన్న కవాటం దాన్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలోకి, పంపుతుంది. అంతకుముందరి ఇంజిన్లలో ఆ పనికి కిందికి తెరిచి ఉండే గొట్టం ఉండేది. ఏది మూసుకుపోయినా లోపల పీడనం పెరిగి, బలహీనంగా ఉన్న అతుకు గుండా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. అలాంటప్పుడు కొత్త గాస్కెట్ వేసినా నిలవదు.

ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా పీసీవీ వాల్వ్‌ను కవర్ నుంచి ఊడదీసి, దాని నోటికి వేలు అడ్డం పెట్టండి. వేలిని లోపలికి లాగుతున్నట్టు అనిపించాలి. ఇంజిన్ ఆపి, వాల్వ్ విడిగా తీసి ఊపితే చాలా రకాల్లో లోపలి భాగం గలగలలాడుతుంది. లాగుడు లేకపోయినా, ఆ చప్పుడు లేకపోయినా వాల్వ్‌ను మార్చి, దాని గొట్టాన్ని కూడా శుభ్రం చేయండి.

కవర్ విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. అడ్డుగా ఉన్న గొట్టాలను, ప్లగ్గు వైర్లను తీసే ముందు ఫోటో తీసుకుని, ఒక్కో దానికి టేపు ముక్క మీద అంకె రాసి అంటించండి. బోల్టులను చివరల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేయండి. కవర్ అంటుకుపోయి ఉంటే రబ్బరు సుత్తితో పక్కనుంచి తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తవద్దు, అల్యూమినియం అంచు మీద పడిన గీత లీకుకు శాశ్వత దారి అవుతుంది. కవర్ రాగానే తెరుచుకున్న రంధ్రాల్లో, టైమింగ్ చైన్ దగ్గర శుభ్రమైన గుడ్డలు కూరండి. అందులో పడిన చిన్న బోల్టును బయటికి తీయడం ఈ మొత్తం పనికన్నా కష్టం.

అంచులను తయారు చేయడం

పాత గాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఓపికగా గీకండి. డ్రిల్లుకు తగిలించే రాపిడి చక్రాలను వాడవద్దు. వాటి నుంచి రాలే పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను తినేస్తుంది. తర్వాత బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో రెండు అంచులనూ తుడవండి. కొత్త తెల్లగుడ్డకు మరక అంటనంతవరకు తుడుస్తూనే ఉండాలి.

రేకు కవర్‌ను చదునైన బల్ల మీద బోర్లించి అంచు చుట్టూ చూడండి. రంధ్రాల దగ్గర మాత్రమే తాకుతూ మధ్యలో వెలుతురు కనిపిస్తే అంచు వంగిందన్నమాట. కవర్‌ను వెల్లకిలా తిప్పి, అంచు కింద గట్టి చెక్క దిమ్మె ఆనించి, పొంగిన చోట సుత్తితో మెల్లగా కొట్టి సరిచేయండి. పగిలిన ప్లాస్టిక్ కవర్‌కు మాత్రం మార్చడమే దారి.

గాస్కెట్ అమర్చి బిగించడం

రబ్బరు గాస్కెట్ అయితే గాడిలో పొడిగా అమర్చాలి. చుట్టూ సిలికాన్ సీలెంట్ పూస్తే అది జారి బయటికి వస్తుంది. సీలెంట్ అవసరమయ్యేది మూలల్లో, అర్ధచంద్రాకారపు బిళ్లల దగ్గర, టైమింగ్ కవర్ హెడ్‌తో (వాల్వ్ కవర్ కూర్చునే ఇంజిన్ భాగంతో) కలిసే అతుకు దగ్గర మాత్రమే, అదీ చిన్న చుక్క. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కారుకు, సెన్సర్‌కు హాని చేయదని ట్యూబు మీద రాసి ఉన్న రకమే కొనండి. కార్క్ గాస్కెట్‌ను గాస్కెట్ జిగురుతో కవర్‌కు అంటించి, హెడ్ వైపు పొడిగా వదిలేయండి. బోల్టుల కింది రబ్బరు వాషర్లు గట్టిపడి ఉంటే అవీ మార్చాలి, లేకపోతే లీక్ అక్కడినుంచే మొదలవుతుంది.

గుడ్డలన్నీ తీశారో లేదో చూసుకుని కవర్‌ను నిటారుగా దించండి. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్య నుంచి చివరలకు రెండు మూడు విడతల్లో బిగించండి. చాలా ఇంజిన్లలో ఈ బిగింపు సుమారు 5 నుంచి 10 న్యూటన్ మీటర్లు మాత్రమే. చక్రాల బోల్టులకు 100 దాకా అవసరమవుతుంది, తేడా ఊహించుకోవచ్చు. కచ్చితమైన అంకె మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని పాటించడానికి తక్కువ బలాన్ని కొలిచే చిన్న టార్క్ రెంచ్ కావాలి.

సీలెంట్ వాడితే ట్యూబు మీద రాసినంత సమయం ఆరనివ్వండి, చాలా రకాలకు పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది. ఆపైన ఆయిల్ మట్టం చూసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, టార్చి లైటుతో అంచు చుట్టూ వెతకండి. మానిఫోల్డ్ మీద మిగిలిన పాత ఆయిల్ వల్ల మొదట్లో కొంచెం పొగ రావచ్చు. అది తగ్గకుండా పెరుగుతుంటే వెంటనే ఆపేయండి. కార్క్ గాస్కెట్ వేసినవారు ఇంజిన్ కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక, చల్లగా ఉన్నప్పుడు బోల్టులను అదే అంకెకు మరోసారి సరిచూసుకోవాలి.