పార్టీ పేరు అడగకుండా రాజకీయ మొగ్గు తెలుసుకోవాలంటే

అనంతపురంలో పీజీ సైకాలజీ పిల్లల ప్రాజెక్టులు చూస్తుంటాను. వ్యక్తిత్వం, ఎమోషనల్ ఇంటెలిజెన్స్ (తన భావాలను, ఎదుటివాళ్ల భావాలను అర్థం చేసుకుని మసలుకునే నేర్పు), రాజకీయ మొగ్గు: ఈ మూడింటికీ సంబంధం ఉందా అనే అంశం తరచూ ఎవరో ఒకరు పట్టుకొస్తారు. మంచి అంశమే. ఫారంలో మొదటి ప్రశ్న "మీది ఏ పార్టీ?" అని కనబడితే మాత్రం అక్కడే కొట్టేస్తాను.

మన జిల్లాల్లో పార్టీ చాలామందికి ఇంట్లోంచే వస్తుంది. నాయన ఎవరి వర్గం, ఊర్లో ఎవరితో మాటల్లేవు అన్నదాన్ని బట్టి కొడుకు టిక్కు పెడతాడు. దాంట్లో వాడి స్వభావం ఎక్కడుంది?

కాబట్టి విషయాలు అడగండి. ఇంట్లో ఒప్పుకోకున్నా కులాంతర పెళ్లి చేసుకోవచ్చా? ధర్నా చేసే విద్యార్థుల మీద పోలీసులు కఠినంగా ఉండాలా? ఉచిత పథకాలకు ఖర్చు పెంచాలా, తగ్గించాలా? మొదటి రెండూ సంప్రదాయం, అధికారం లెక్కలోకి వస్తాయి. మూడోది డబ్బు పంపకం. వీటిని కలిపి ఒకే మార్కు వేయొద్దు. కులాంతర పెళ్లికి సై అనేవాడే పథకాలన్నీ దండగ అంటాడు, అట్లాంటివాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. కర్నూలుకు హైకోర్టు రావాలా అని మాత్రం అడగకండి. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నాటి ఆశ అది. ఇక్కడ అవుననేవాళ్లే ఎక్కువ, మనిషికీ మనిషికీ తేడా తేలదు.

వ్యక్తిత్వానికి ఐదు లక్షణాల కొలత (బిగ్ ఫైవ్: కొత్తదనం మీద ఆసక్తి, క్రమశిక్షణ, కలుపుగోలుతనం, సర్దుకుపోవడం, మనసు నిలకడ) చాలు. టైం లేకపోతే 2003లో వచ్చిన పది వాక్యాల టిపి (టెన్ ఐటెం పర్సనాలిటీ ఇన్వెంటరీ) అనే ప్రశ్నావళి వాడండి. లక్షణానికి రెండు వాక్యాలు, అందులో ఒకటి తిరగేసినది, అంటే ఆ లక్షణానికి వ్యతిరేకంగా రాసినది. స్కేలు 1 నుంచి 7 కాబట్టి తిరగేసినదాని మార్కును 8లోంచి తీసేయాలి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ దగ్గర జాగ్రత్త. "నా కోపం నా అదుపులోనే ఉంటుంది" అని రాసి, ఫారం ఇచ్చిన అమ్మాయినే విసుక్కునేవాళ్లుంటారు. వీలైతే ఎదుటివాళ్ల భావాలను గుర్తుపట్టే పరీక్ష పెట్టండి. 2019లో బెల్జియం విద్యార్థుల మీద వచ్చిన పరిశోధనలో అట్లాంటి సామర్థ్య పరీక్షలే వాడారు. మార్కులు తక్కువొచ్చినవాళ్లలో పెద్దల అధికారానికి తలవంచాలనే ధోరణి, మితవాద (రైట్ వింగ్) మొగ్గు కాస్త ఎక్కువ కనిపించాయి. అది బెల్జియం సంగతి. మీ రిపోర్టులో దాన్ని తాడిపత్రికి అంటగట్టొద్దు.

సహసంబంధం (రెండు కొలతలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.2 వస్తే గంతులేయకండి. దాన్ని దాంతోనే గుణిస్తే 0.04, అంటే తేడాల్లో నూటికి 4 వంతులే ఆ లక్షణంతో ముడిపడ్డాయి. "దీనివల్ల అది" అని కూడా రాయకూడదు, ఒక్కసారి తీసుకున్న సర్వే కారణాలు చెప్పలేదు.

ఫారాలు హాస్టల్ గదుల్లో పంచొద్దు, పక్క మంచం మీది సీనియర్ తొంగి చూస్తాడు. క్లాసులోనే, లెక్చరర్ బయటికి వెళ్లాక ఇవ్వండి. పేరు, రోల్ నంబరు అడగొద్దు. మడిచి అట్టపెట్టెలో వేయమనండి. ఎన్నికల నెలలో అయితే అసలు మొదలే పెట్టొద్దు.